తిండి జాతరలో మన తునకలకు చోటేది?

పట్నంలో ఇప్పుడు తిండి జాతరల కాలం నడుస్తున్నది. ఒక నెల చిరుధాన్యాల మేళా, ఇంకో నెల పల్లె రుచుల పండుగ, ఆ తర్వాత రాయలసీమ వంటలు, కోస్తా వంటలు, తెలంగాణ వంటలు. పెద్ద హోటళ్ళల్ల వైన్ విందులు, మాదాపూర్ దిక్కు క్రాఫ్ట్ బీరు పండుగలు. జనవరి ఒకటిన నాంపల్లి నుమాయిష్‌తో మొదలైతే డిసెంబర్ కేకుల దాకా ఆగేదే లేదు. మన సరూర్‌నగర్, దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ మైదానాలూ ఫంక్షన్ హాళ్ళూ ఈ వరుసలో చేరినయి. మట్టి కుండలు, వెదురు తడకలు, గోడల మీద ముగ్గులు, గొంగడి కప్పుకున్న మనిషి బొమ్మ. పల్లెను ఉన్నదున్నట్టు తెచ్చి నిలబెట్టినమంటున్నరు.

వాళ్ళు నిలబెట్టిన పల్లెలో ఊరున్నది. వాడ లేదు.

పోయిన సంక్రాంతికి ముందర మా మహిళా సంఘం ఆడోళ్ళు అసొంటి ఒక మేళాలో స్టాలు అడగబోయిన్రు. మేమూ వెంబడి పోయినం. నిర్వాహకులు మర్యాదగనే కూసోబెట్టిన్రు. జొన్నరొట్టె పెట్టుకోండన్నరు. సర్వపిండి భేషుగ్గా అన్నరు. అంబలి, గటక, సకినాలు తప్పకుండా తెమ్మన్నరు. "మరి ఎండు తునకలు, బోటి కూర?" అని మా పెద్దమ్మ వరస ఒకామె అడిగేసరికి ఆయన ముఖం మారింది. "అమ్మా, ఫ్యామిలీలు వస్తరు గదా" అన్నడు. అదే మేళా కరపత్రంలో సాయంత్రం పూట బీరు గుడారం ఉన్నదని అచ్చేసిన్రు! ఫ్యామిలీలకు బీరు అడ్డం రాలేదు, మా తునక అడ్డమొచ్చింది. పెద్దమ్మ ఊకోలేదు. "సారూ, ఆ రొట్టె చేసే చెయ్యీ, ఈ తునకలు ఎండబెట్టే చెయ్యీ ఒక్కటే" అని లేచొచ్చింది. స్టాలు రాలేదు. ఆ మాట మాత్రం మమ్మల్ని నిద్రపోనియ్యలేదు.

ఆమె మాటలో అబద్ధం లేదు. జొన్నలు, కొర్రలు, సామలు, తైదలు ఇయ్యాల షుగరు జబ్బుకు మందని వెండి గిన్నెల్లో వడ్డిస్తున్నరు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. అంతకు ఎన్నో ఏండ్ల ముందే జహీరాబాద్ పక్కన పస్తాపూర్ చుట్టుపక్కల ఊర్లల్ల దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడోళ్ళు ఈ విత్తనాలను కడుపుల పెట్టుకొని కాపాడిన్రు. వాళ్ళల్ల ఎక్కువమంది దళిత స్త్రీలు, ఎకరమో రెండెకరాలో ఉన్నోళ్ళు. ఏటా సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద విత్తనాల బుట్టలు పెట్టుకొని ఊరూరా తిరిగి పాత పంటల జాతర చేస్తరు. 2019లో వాళ్ళ సంఘాలకు ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి దక్కింది. మేము మెచ్చే తిండి పండుగ అదీ! అక్కడ పండించినామెనే పండుగకు పెద్ద. పట్నం మేళాలో పండించినామె కనబడదు, గింజ మాత్రం కనబడ్తది.

ఇగ పెద్దకూర సంగతి. 2012 ఏప్రిల్ 15న, అంబేద్కర్ జయంతి తెల్లారి, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేసుకున్నరు. కలిసి వండిన్రు, కలిసి తిన్నరు. దాని మీద దాడి జరిగింది, ఒక విద్యార్థికి కత్తిపోటు పడ్డది, బండ్లు తగలబడ్డయి. 2015 డిసెంబర్ 10న మళ్ళీ చేద్దామంటే హైకోర్టు వద్దన్నది, పోలీసులు ముందుగాలనే అరెస్టులు చేసిన్రు. చట్టం ఒప్పుకోదంటరు. ఏ చట్టం? మన దగ్గరున్న 1977 చట్టం ఆవు వధను నిషేధించింది గని, సేద్యానికి పనికిరాని ఎద్దునూ దున్ననూ అధికారి ధృవపత్రంతో కోసుకోవచ్చన్నది. అంటే పెద్దకూర తినుడు నేరం కాదు. నలుగురి ముందర కూసోని, తలెత్తుకొని తినుడే నేరమైంది.

ఇక్కడ మన వాళ్ళల్ల కొందరికి ఒక అనుమానం. బాబాసాహెబే మానెయ్యమన్నడు గదా అని. 1927లో మహద్ సభలో ఆయన మానెయ్యమన్నది చచ్చిన గొడ్డు మాంసం. ఎందుకు? అది ఇష్టంతో తిన్నది కాదు. ఊరి గొడ్డు చస్తే మోసుకపోవాలె, ఆ మాంసమే కూలి అనుకోవాలె. అది వెట్టి. అదే బాబాసాహెబ్ 1948లో అంటరానివాళ్ళెవరు అనే పుస్తకం రాసి, గొడ్డు మాంసానికీ అంటరానితనానికీ ఉన్న ముడిని చరిత్రలోంచి విప్పి చూపెట్టిండు. ఈ రెండింటికీ పొంతన లేదనుకోవద్దు. బలవంతంగా తినిపిస్తే ఉమ్మెయ్యి, ఇష్టంగా తింటే తలొంచకు. రెండింట్లోనూ మా తిండి మేమే తేల్చుకుంటమన్న మాటే ఉన్నది.

బడి పంతుళ్ళం కాబట్టి బడి సంగతీ చెప్తం. 2001లో సుప్రీంకోర్టు బడిపిల్లలకు వండిన అన్నం పెట్టాలన్నది. 2004 ఏప్రిల్ 20న వంటవాళ్ళ నియామకంలో దళితులకు, ఆదివాసులకు ముందుగా అవకాశమియ్యాలన్నది. మంచి తీర్పు. మరి ఎన్ని ఊర్లల్ల మాదిగామె, మాలామె గరిటె పట్టుకున్నది? పట్టుకున్న చోట ఎంతమంది పిల్లలు ఇంటినుంచి టిఫిన్ డబ్బా తెచ్చుకుంటున్నరు? వంటామె కులం చూసి అన్నం ముట్టని పిల్లలను మేము కండ్లారా చూసినం. ఆ పిల్లలకు అది పుట్టుకతో రాలేదు, ఇంట్ల నేర్పిన్రు. ఇదే పట్నంలో దిల్‌సుఖ్‌నగర్‌కు కోచింగుకొచ్చిన మన పిల్లలను అడగండి. కిరాయికి రూము అడిగితే "ఏం తింటరు?" అంటరు. అది కూర గురించి అడిగేది కాదు, కులం గురించి అడిగేది. టూలెట్ బోర్డు మీద "శాకాహారులకు మాత్రమే" అని రాస్తరు. ఊర్లో హోటలు ముందర రెండు గ్లాసులు, పట్నంలో ఈ బోర్డు. రోగమొక్కటే, చొక్కా మార్చుకున్నది.

ఇగ తాగుడు సంగతి. దీని మీద మనలో మనకే గొడవున్నది, దాచేది లేదు.

2015లో తెలంగాణ సర్కారు మైక్రోబ్రూవరీలకు నియమాలు పెట్టింది. హోటల్లోనే బీరు కాచి అక్కడే పోస్తరు. దానికి పండుగలు, పాటలు, పత్రికల్లో బొమ్మలు. చెట్టెక్కి ప్రాణాలు పణంగా పెట్టి కల్లు దించే గీత కార్మికుని సంగతేంది? 2004లో హైదరాబాదులో కల్లు దుకాణాలు మూసేసిన్రు. పదేండ్ల తర్వాత 2014లో మళ్ళీ తెరిచిన్రు. తెరిచినాక చెట్టు కల్లుకన్నా మందు కలిపిన కల్లే ఎక్కువైంది. 2025 జూలైలో కూకట్‌పల్లి దిక్కున కల్తీ కల్లు తాగి పలువురు పేదలు చచ్చిపోయిన్రు. 2023లో నెక్లెస్ రోడ్డు మీద నీరా కేఫ్ తెరిచిన్రు, సంతోషం. గని అద్దాల దుకాణం ఒకటి పెడితే అడ్డా మీది కూలోని గ్లాసులో మందు పోదు.

అట్లని పెద్దోళ్ళ బీరు పండుగలో మాకూ వాటా కావాలని మేము అడుగుతలేము. మద్యం దుకాణాల్లో 2021 నుంచి గౌడులకు 15, ఎస్సీలకు 10, ఎస్టీలకు 5 శాతం కేటాయించిన్రు. 2025లో ఒక్క దరఖాస్తుకే 3 లక్షలు కట్టాలె, దుకాణం రాకున్నా ఆ పైసలు తిరిగిరావు. వాడలో 3 లక్షలు పోగొట్టుకునేటోడు ఎవడున్నడు? పేరు మనది పెట్టి పెట్టుబడి ఇంకోడు పెడితే అది రిజర్వేషనా, బినామీయా? భూమిలో వాటా అడిగితే బ్రాందీ షాపులో వాటా ఇచ్చిన్రు.

1983లో ఎన్టీఆర్ సర్కారు వారుణి వాహిని అని పేరు పెట్టి సారా ప్యాకెట్లను వాకిట్లకు పంపింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడోళ్ళు అక్షరాలు దిద్దుకుంటూ సీతమ్మ కథ చదివి, రోసమ్మ ముందుండి, సారా దుకాణం బంద్ చేయించిన్రు. ఆ మంట రాష్ట్రమంతా అంటుకున్నది. 1993 అక్టోబర్ 1న సారా బంద్, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 1997కల్లా ఖజానా ఖాళీ అయిందని నిషేధం ఎత్తేసిన్రు. ఆడోళ్ళ కన్నీళ్ళు లెక్కకు రాలేదు, ఎక్సైజు రాబడి లెక్కకొచ్చింది. బోనాల నాడు సాక పోసుకునుడు వేరు. రోజు కూలి దుకాణంలో పోసుడు వేరు. మొదటిది మన పండుగ, రెండోది సర్కారు పండుగ. తిండి హక్కు గురించి మాట్లాడే మన యువకులు తాగుడును దాంట్లో కలిపితే, ఇంట్ల అమ్మ, అక్క, చెల్లె మన మాట నమ్మరు. నమ్మొద్దు కూడా.

"భూమి, కూలి, చదువు ఉండంగ కూర గురించి లొల్లేంది?" అని కొందరు కార్యకర్తలు అడుగుతున్నరు. కారంచేడును యాది చేసుకోండి. 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపిన్రు. దానికి మొదలు ఏంది? తాగే నీళ్ళ చెరువును మురికి చేస్తుంటే వద్దన్నరు, ఒకామె బిందె ఎత్తింది. మహద్‌లో బాబాసాహెబ్ దోసిలి పట్టింది కూడా నీళ్ళకే. నోట్లోకి పోయే దాని మీద హక్కు లేనోనికి భూమి మీద హక్కు ఎవరిస్తరు?

అందుకని మేము అడిగేది నాలుగే. సర్కారు మైదానంలో జరిగే ఏ తిండి మేళాలోనైనా చట్టం ఒప్పిన కూరకు అడ్డు పెట్టొద్దు. మహిళా సంఘాలకు కిరాయి లేకుండా స్టాళ్ళియ్యాలె. బడి వంటలో 2004 తీర్పును ఊరూరా అమలు చెయ్యాలె. కల్లు దుకాణాల్లో కల్తీని పట్టుకొని గీత కార్మికుల సొసైటీలకు మార్కెటు చూపాలె.

సర్కారు ఇచ్చేదాకా మనం కూసోవద్దు. పల్నాట బ్రహ్మనాయుడు అన్ని కులాలను ఒక్క చాప మీద కూసోబెట్టి చాపకూడు పెట్టిండని కారంపూడిలో ఇప్పటికీ చెప్పుకుంటరు. అది పెద్దోడు పిలిచి పెట్టిన బువ్వ. ఇప్పుడు చాప మనమే పరుద్దాం. వచ్చే ఏప్రిల్ 14న ప్రతి వాడలో వంట పెట్టండి. జొన్నరొట్టె, తునకలు, పప్పుచారు, తినేటోళ్ళకు తినేది. సారా, బీరు వద్దు. ఊరి సర్పంచిని, హెడ్మాస్టరును, పూజారిని, షావుకారిని పేరు పెట్టి పిలవండి. కూర వద్దన్నోళ్ళకు పప్పుచారున్నది, కాబట్టి సాకు చెప్పే వీలుండదు. ఎవరొచ్చిన్రు, ఎవరు రాలేదు, ఎవరు కూసోని తిన్నరు, ఎవరు నిలబడి నీళ్ళు కూడా ముట్టకుండ పోయిన్రు, ఉన్నదున్నట్టు రాసి మాకు పంపండి. అచ్చేస్తం.

సరూర్‌నగర్‌లో మొదటి చాప మా పెద్దమ్మ పరుస్తనన్నది. తునకలు ఇప్పట్నుంచే ఎండబెడుతున్నది.

జై భీమ్!