వాగు బాగుపడిందని ఎవరు కొలిచారు?

రుద్రారం అనగానే మనకు గుర్తొచ్చేవి గణేశ్ గడ్డ గుడి, గీతం క్యాంపస్, ముంబై రోడ్డు మీద బారులు తీరిన లారీలు. ఈ చుట్టుపక్కల చెరువులు, కుంటలు, ఒర్రెలు ఎవరికీ గుర్తుకు రావు. ఎప్పుడన్నా గుర్తొస్తే శిలాఫలకం లేస్తుంది, జేసీబీ దిగుతుంది, కట్ట మీద నాయకులు ఫొటో దిగుతారు, బిల్లు పాసవుతుంది. మరి నీళ్లు బాగుపడ్డాయా? ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ఫైలు ఎక్కడుంది?

ఇది ఒక ఊరి గొడవ అనుకుంటే పొరపాటే. 1970ల నుంచి పటాన్‌చెరులో పెరిగిన పరిశ్రమల విషం ఇసుకవాగులో, నక్కవాగులో, అక్కడి నుంచి మంజీరలో కలిసింది. వాగు కింది పొలాలు చెడ్డాయి, బావులు చెడ్డాయి. రోగులను చూస్తూ చూస్తూ రోగం మూలం నీళ్లలో ఉందని గుర్తించి జనాన్ని కదిలించిన వైద్యుడు డాక్టర్ అల్లాణి కిషన్‌రావు. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. 2001లో హైకోర్టుకు, 2013లో చెన్నైలోని హరిత ట్రిబ్యునల్‌కు మారింది. తీర్పు వచ్చింది 2017 అక్టోబరులో. 27 ఏండ్లు! కేసు వేసిన నాడు పుట్టిన పిల్లగాడు డిగ్రీ పూర్తిచేసి నోటిఫికేషన్ల కోసం ఎదురుచూసే వయసుకొచ్చాడు. తీర్పు వచ్చిన ఆ ఏడాదే గండిగూడెం చెరువులో చేపలు కుప్పలుగా చచ్చి తేలాయి.

కొలత అంటే ఏమిటో మనకు నేర్పిన పాఠాలు మూడున్నాయి.

మొదటిది, వెతకనిది దొరకదు. పటాన్‌చెరు శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే 'శుద్ధి చేసిన' నీటిని స్వీడన్ పరిశోధకులు పరీక్షించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో ప్రకటించారు. మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండే మోతాదు కన్నా ఇది ఎక్కువ! యాంటీబయాటిక్ అవశేషాలకు పరిమితులు పెడతామని కేంద్రం 2020 జనవరిలో ముసాయిదా తెచ్చింది. 2021 ఆగస్టులో వచ్చిన తుది నోటిఫికేషన్‌లో ఆ పరిమితులు మాయమయ్యాయి. ఎవరి ఒత్తిడికి తలవంచారు?

రెండోది, ఒక్కచోట కొలిస్తే సరిపోదు. 2009లో 18 కిలోమీటర్ల పైపులైను వేసి పటాన్‌చెరు వ్యర్థ జలాలను అంబర్‌పేట శుద్ధి కేంద్రం వైపు మళ్లించారు. నక్కవాగుకు కొంత ఊపిరి వచ్చిందనుకుందాం. ఆ బరువు మోసేది ఎవరు? మూసీ. మూసీ కింది రైతు మనవాడు కాదా? ఒక వాగు లెక్క రాసేటప్పుడు రెండో నది లెక్క కూడా రాయాలి.

మూడోది, పని కన్నా ముందే కొలవాలి. 2015 మార్చిలో మొదలైన మిషన్ కాకతీయ 46,531 చెరువులను లక్ష్యంగా పెట్టుకుంది. పూడిక తీసి పొలాల్లో చల్లడం మన పెద్దల తెలివి, మంచి చేను చెరువు మట్టి అడుగుతుంది. కానీ రసాయనాలు పేరుకున్న చెరువు మట్టి వేరు. ఆర్సెనిక్, క్రోమియం ఉన్న పూడికను పరీక్షించకుండా పొలంలో చల్లితే, చెరువు విషాన్ని ట్రాక్టర్లతో ఇంటికి తెచ్చుకున్నట్టే.

ఇంజనీరు ఎంబీ రాస్తాడు. ఎన్ని క్యూబిక్ మీటర్ల మట్టి తీశారో అందులో ఉంటుంది. చేప బతికిందా లేదా ఉండదు. చేపలు బతకాలంటే లీటరు నీటిలో కరిగిన ఆక్సిజన్ కనీసం 4 మిల్లీగ్రాములు ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రమాణం. అది కూడా తెల్లవారుజామున కొలవాలి, అప్పుడే ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది. పట్టపగలు పన్నెండు గంటలకు సీసా ముంచి 'అంతా బాగుంది' అని రాసుకుంటే ఎవరిని మోసం చేస్తున్నట్టు?

కనుక మన డిమాండ్లు స్పష్టం. పని మొదలుకాకముందు నీళ్లు, పూడిక పరీక్షించాలి. పని అయిపోయాక అవే చోట్ల, అవే నెలల్లో, కనీసం ఐదేండ్లు పరీక్షించాలి. తొలి వానకు వాగులోకి ఎవరు ఏం వదులుతున్నారో రాత్రిపూట కూడా చూడాలి. శిఖం హద్దు రాళ్లు నిలిచి ఉన్నాయో లేదో ఏటా లెక్క చెప్పాలి. ఆ అంకెలను పంచాయతీ బోర్డు మీద తెలుగులో రాయాలి. చివరి బిల్లు ఆ అంకెలు చూసిన తర్వాతే ఇవ్వాలి.

ఇదేం గొంతెమ్మ కోరిక కాదు. ఉపాధి హామీ పనులకు 2006 నుంచి మన దగ్గర సామాజిక తనిఖీలు జరిగాయి. మస్టర్ రోల్‌ను గ్రామసభలో చదివి వినిపించారు. కూలి డబ్బులకు చేసిన తనిఖీ తాగే నీళ్లకు ఎందుకు చేయరు?

విద్యార్థి మిత్రులారా! రుద్రారంలో, కందిలో ల్యాబులున్న కాలేజీలున్నాయి. సీసా పట్టుకుని వాగు దాకా నడవండి. ఉద్యోగ సోదరులారా! ఫైలు మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు నీటి రిపోర్టు ఏదని ఒక్క మాట రాయండి. సమాచార హక్కు దరఖాస్తు పెట్టే పని మేం చూసుకుంటాం.

2011 సకల జనుల సమ్మెలో 42 రోజులు మనం అరిచిన నినాదంలో మొదటి మాట నీళ్లు. రాష్ట్రం 2014లో వచ్చింది. ఆ మొదటి మాట నిజమైందో లేదో చెప్పాల్సింది సర్కారు ప్రకటన కాదు, నక్కవాగులో ఈదే చేప.