ఎట్ల తెలుసు సార్? అని అడగనియ్యుండ్రి పిల్లల్ని

2025 ఆగస్టుల, జాతీయ అంతరిక్ష దినోత్సవం అప్పుడు, హిమాచల్ ప్రదేశ్‌ల ఊనా జిల్లాల ఒక బడికి కేంద్ర మాజీ మంత్రి, ఎంపీ అనురాగ్ ఠాకూర్ పోయిండు. అంతరిక్షంలకు మొదలు పోయిందెవలు అని పిల్లల్ని అడిగిండు. నీల్ ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నరు పిల్లలు. నాకైతే హనుమంతుడే అనిపిస్తదని ఆయన అన్నడు. ఆయన మాట మీద మస్తు లొల్లయ్యింది. గని పిల్లల జవాబు గుడ తప్పే. దాని మీద మనల ఎంతమంది రంది వెట్టుకున్నరు?

మొదలు పోయింది సోవియట్ యూనియన్ మనిషి యూరీ గగారిన్. 1961 ఏప్రిల్ 12న పోయి, భూమిని ఒక్కసారి చుట్టి 108 నిమిషాలల్ల తిరిగొచ్చిండు. ఆర్మ్‌స్ట్రాంగ్ చంద్రుని మీద అడుగు వెట్టింది 1969 జులైల. అంటె ఎనిమిదేండ్ల తర్వాత.

హనుమంతుని కథ ఇంట్ల అమ్మమ్మ జెప్తది, గుడికాడ హరికథల వింటం. దాన్ని ఎవలూ కాదంటలేరు. కథను నమ్మితె సాలు, చరిత్రకు రుజువు గావాలె. గీ ఫరక్ నేర్పుడే బడి పని.

మన బళ్లల్ల ఏమైతున్నది? అంతరిక్ష చరిత్ర ఒక్క మార్కు బిట్ అయి కూసున్నది. ఆర్యభట్ట – 1975. రాకేశ్ శర్మ – 1984. బట్టీ వట్టుడు, రాసుడు, మర్సిపోవుడు. నేను గుడ గట్లనే సదివిన. ఆర్యభట్టను మనోళ్లు తయారుజేస్తె, అది సోవియట్ రాకెట్ మీద పోయిందని ముప్పై ఏండ్లు దాటినంక తెలిసింది నాకు. పేరు తెలుసు, ఏడు తెలుసు, ఎట్లయ్యిందో తెల్వది. ఎట్లయ్యిందో తెల్వని పిల్లగానికి ఆర్మ్‌స్ట్రాంగ్ అన్నా ఒకటే, హనుమంతుడన్నా ఒకటే. రెండూ పెద్దోళ్లు జెప్పిన పేర్లే.

మరి ఏం జెప్పాలె? ఓడిపోయిన సంగతులు జెప్పాలె. 1979 ఆగస్టు 10న శ్రీహరికోటల లేసిన ఎస్‌ఎల్‌వీ-3 బంగాళాఖాతంల వడ్డది. తప్పేడుందో వెతికిన్రు. 1980 జులై 18న రోహిణిని కక్ష్యల వెట్టిన్రు. 2019ల చంద్రయాన్-2 ల్యాండర్ చంద్రుని మీద కూలింది. ఆ తప్పులు దిద్దుకున్నరు గాబట్టే 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దిగింది. గా దినమే ఇయ్యాల మనం జేసే దినోత్సవం. లెక్కల తప్పిన పిల్లకు ఇంతకంటె ధైర్యం ఎవలిస్తరు?

మనుషుల ముచ్చట గుడ జెప్పాలె. అంతరిక్షంలకు పోయిన మొదటి ఆడమనిషి వాలెంతీనా తెరెష్కోవా, 1963ల. అంతకుముందు ఆమె బట్టల మిల్లుల కార్మికురాలు. అదే ఏడు కేరళల తుంబ కాడ మొదటి పరిశోధన రాకెట్ లేసింది. అది చేపలు వట్టెటోళ్ల ఊరు. వాళ్ల చర్చిలనే ఆఫీసు నడిసింది, రాకెట్ సామాన్లు సైకిల్ మీద మోసిన్రు. శ్రీహరికోట దీవిల యానాదులు బతికెటోళ్లు. రాకెట్ కేంద్రం వచ్చినంక ఉన్న జాగ ఇడిసి పోవాల్సొచ్చింది. గిది గుడ చరిత్రనే. గివన్ని జెప్తె, బీడీలు జేసే తల్లి బిడ్డకు గీ ముచ్చట్ల మనసొంటోళ్లు గుడ ఉన్నరని తెలుస్తది.

తమ్ముళ్లు, చెల్లెండ్లు, ల్యాబ్ లేదని ఊకోకుండ్రి. పట్నపోళ్లకు లేని చీకటి ఆకాశం మన ఊరికున్నది. 400 కిలోమీటర్ల ఎత్తుల తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం మన మీదికెల్లి ఎప్పుడు పోతదో ఫోన్ల సూడొచ్చు. పొద్దుగూకినంక నడిసే సుక్క లెక్క వట్టి కంటికే కనవడ్తది. పిల్లల్ని బడి మైదానంల నిలవెట్టి జూపుండ్రి. ఖాళీ ప్లాస్టిక్ సీసల జరన్ని నీళ్లు వోసి, బిరడ వెట్టి, సైకిల్ పంపుతోని గాలి కొట్టుండ్రి. పిల్లల్ని దూరం ఉంచుండ్రి. నీళ్లు కిందికి తన్నుతయి, సీస మీదికి లేస్తది. రాకెట్‌ది గదే సూత్రం. ఉపగ్రహాలు పంపే సమాచారం అందుకునే ఇస్రో కేంద్రం మన షాద్‌నగర్‌లనే ఉన్నదని గుడ జెప్పుండ్రి.

గప్పుడు రేపు ఏ పెద్దమనిషి బడికొచ్చి ఏ పేరు జెప్పినా, ఒక్క పిల్లన్న లేసి "ఎట్ల తెలుసు సార్?" అని అడుగుతది. జెప్పేటోణ్ని నేనైనా సరే, అడగాల్సిందే.