షాపు వదిలిన కత్తి.. నూరే చెయ్యేదీ?

హోసూరు: ఈ ప్రాంతపు పల్లెల్లో పొది చంకన పెట్టుకుని ఇంటింటికీ వచ్చిన క్షురకుల దగ్గర మడత కత్తి, నూరే రాయి, తోలు పట్టీ తప్పకుండా ఉండేవి. ఇప్పుడు ఏ సెలూన్‌లో చూసినా పిడికి సగం బ్లేడు తగిలించే కత్తే. చూపుకి పాతదానిలాగే ఉంటుంది గానీ దాన్ని నూరేది లేదు, పట్టీ మీద లాగేది లేదు. ఒక గడ్డం అయిందా, బ్లేడు పారేయడమే.

ఈ మార్పు ఊరికే రాలేదు. 1990ల్లో ఎయిడ్స్ భయం పట్టుకున్నాక గిరాకీలే కొత్త బ్లేడు అడగడం మొదలుపెట్టారు. రక్తంతో సోకే హెపటైటిస్-బి, సి లకూ ఒకే కత్తి పదిమందికి వాడటం దారే. ఆదివారం పొద్దున మనిషి మనిషికీ కత్తిని శుద్ధి చేస్తూ కూర్చోవడం ఏ షాపులోనూ జరిగే పని కాదు. కనుక షాపులో సగం బ్లేడే న్యాయం.

ఇంట్లో లెక్క వేరు
ఒక మనిషికి ఒక కత్తి అయితే ఆ భయం లేదు. ఆన్‌లైన్‌లో కత్తి, బ్రష్, గిన్నె కలిపి సెట్టుగా దొరుకుతుండటంతో కుర్రాళ్ళు సరదాపడుతున్నారు. చిక్కు ఇక్కడే. చవక కత్తులు తళతళలాడతాయి, వెంట్రుకను మాత్రం తెంపవు. అంచు నూరకుండానే పెట్టెలో పెట్టి పంపుతారు మరి. గిన్నె, బ్రష్ ఏవైనా సరిపోతాయి. డబ్బు పెట్టాల్సింది కత్తి మీద, పట్టీ మీద. జర్మనీలోని సోలింగెన్, ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కత్తులకు పేరు. తుప్పు తినని పాత కత్తి దొరికి, తెలిసినవాళ్ళు నూరి ఇస్తే కొత్త చవక కత్తికన్నా వెయ్యి రెట్లు నయం.

గీసుకోవడానికి తొందర పనికిరాదు. స్నానమయ్యాక, వేడినీళ్ళకు వెంట్రుక మెత్తబడ్డాక, నురగ బాగా పట్టించి, చర్మాన్ని రెండో చేత్తో బిగువుగా లాగి, కత్తిని సుమారు 30 డిగ్రీల వాలులో పెట్టి, వెంట్రుక పెరిగిన వైపే నడపాలి. నొక్కకూడదు. మొదటి వారం రెండు చెంపలు చాలు. గడ్డం ముడి, పై పెదవి మామూలు రేజర్‌కే వదిలేయడం మేలు. గాటు పడితే పటిక ఉండనే ఉంది.

గీసే ముందు ప్రతిసారీ పొడి తోలు మీద లాగాలి. కత్తి వెన్ను ముందు, అంచు వెనక. తిప్పేటప్పుడు వెన్ను మీదే తిప్పాలి. లేకపోతే పట్టీ తెగుతుంది, అంచూ పోతుంది. పనయ్యాక తుడిచి ఆరబెట్టాలి. కొన్ని నెలలకు ఒకసారి, వెన్నూ అంచూ రెండూ ఆనేలా రాయి మీద నూరాలి. అది చూసి నేర్చుకోవాల్సిన పని. నేర్పగలవాళ్ళు పాతతరం క్షురకులే. వాళ్ళ కొడుకుల్లో చాలామంది రాయి పట్టి ఎరగరు.

గట్టుకు ఇటొకటి, అటొకటి
పనిముట్ల కోసం సర్కారు సాయం లేకపోలేదు. 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులకు చోటుంది, క్షౌరవృత్తి అందులో ఒకటి. పనిముట్లకు రూ.15 వేలు, శిక్షణలో రోజుకు రూ.500, 5 శాతం వడ్డీకి తొలివిడత రూ.లక్ష రుణం. కుప్పంలో ఉన్నవాళ్ళకు ఇది అందుబాటులో ఉండగా, గట్టు దాటి హోసూరుకొస్తే కథ మారింది. కులవృత్తి కుటుంబమనే షరతు తీసేయాలని, కనీస వయసు 18 నుంచి 35కు పెంచాలని అడిగి, 2024 నవంబరులో నాటి స్టాలిన్ ప్రభుత్వం ఆ పథకాన్ని కాదంది. మరుసటి నెలలో 25 వృత్తులతో కలైజ్ఞర్ కైవినై తిట్టం ప్రకటించింది. రూ.3 లక్షల వరకు రుణం, అందులో రూ.50 వేలకు మించని 25 శాతం రాయితీ.

పుట్టిన కులాన్ని బట్టి పిల్లల చేతికి కత్తి ఇవ్వకూడదన్న అభ్యంతరంలో పస ఉంది. అయితే రెండు వైపులా మాట నడిచింది రుణం మీద, అర్హత మీదే. కుర్చీలు, అద్దాలు, ట్రిమ్మర్లు అప్పుతో వస్తాయి. నూరే పని అలా రాదు. ఆ పని తెలిసిన పెద్దలను నాలుగు రోజులు కూలి కట్టి శిక్షణకు పిలవడానికి ఏ కొత్త పథకమూ అక్కర్లేదు. సరదాపడి కత్తి కొన్న కుర్రాళ్ళు కూడా నూరించుకోవడానికి డబ్బిచ్చే గిరాకీలే.