అమ్మాయిల ఆట ఎవడు చూస్తాడండీ? - 53 మంది దగ్గర్నుంచి లెక్కేద్దాం

"అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఎవడు చూస్తాడండీ. డిమాండ్ లేనిదానికి డబ్బులు తగలెయ్యడమెందుకు? అంతా మార్కెట్టే తేలుస్తుంది."

ఆఫీసులో లంచ్ టేబుల్ దగ్గరైనా, కాలేజీ బ్యాచ్ వాట్సాప్ గ్రూపులోనైనా ఆడవాళ్ళ ఆటల ప్రస్తావన వస్తే చాలు, ఈ మూడు వాక్యాలూ ఇదే వరసలో వచ్చి పడతాయి. అనేవాళ్ళేం చదువుకోనివాళ్ళు కాదు. లోడ్ టెస్ట్ చెయ్యకుండా సర్వర్ కెపాసిటీ గురించి ఎవడైనా మాట్లాడితే వాణ్ణి మీటింగులోనే కడిగేసే రకం. ప్రతిదానికీ డేటా ఏది అంటారు. ఈ ఒక్క విషయానికి మాత్రం డేటా అక్కర్లేదు, "అందరికీ తెలిసిందేగా" సరిపోతుంది.

సరే, డేటాయే చూద్దాం. అమెరికాలో నాక్స్‌విల్ అనే ఊళ్ళో టెన్నెసీ యూనివర్సిటీ ఉంది. అక్కడి అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టుని 'లేడీ వాల్స్' అంటారు. మార్కెట్ వాదాన్ని పరీక్షించడానికి ఇంతకన్నా మంచి టెస్ట్ కేస్ నాకు కనబడలేదు. ఆ జట్టు చరిత్రలో మరపురాని ఘట్టాలంటే అందరూ ఎనిమిది జాతీయ టైటిళ్ళూ వరసగా పేర్చేస్తారు. టైటిళ్ళు అవుట్‌పుట్ అండీ. మనకి కావాల్సింది ఇన్‌పుట్.

మొదటి ఘట్టం: 1974 డిసెంబర్ 7. మెర్సర్ యూనివర్సిటీతో మ్యాచ్. టెన్నెసీ ఒక్క పాయింటు తేడాతో, 84-83, ఓడిపోయింది. చూడ్డానికొచ్చింది 53 మంది. కోచ్ వయసు 22 ఏళ్ళు. పేరు పాట్ హెడ్, పెళ్ళయ్యాక పాట్ సమ్మిట్. మాస్టర్స్ చేస్తూ అసిస్టెంటుగా ఉందామని వచ్చిన పిల్ల. ఉన్న కోచ్ తప్పుకోవడంతో జట్టు మొత్తం ఈవిడ నెత్తిన పడింది. జీతం నెలకి 250 డాలర్లు. పొద్దున క్లాసులు చెప్పాలి, తన క్లాసులకి తను వెళ్ళాలి, దెబ్బతిన్న మోకాలికి వ్యాయామం చేసుకోవాలి (1976 ఒలింపిక్స్‌లో ఆడాలని పట్టుదల. ఆడింది, వెండి పతకం తెచ్చింది), సాయంత్రం కోచింగ్. మ్యాచ్ వేరే ఊళ్ళో అయితే వ్యాన్ తనే తోలేది. ఆటగాళ్ళ బట్టలు తనే ఉతికేది. ఆ యూనిఫారాలకి డబ్బులు ఎక్కడివంటే, డోనట్లు అమ్మి కూడబెట్టినవి.

ఆ రోజు మన లంచ్ టేబుల్ మేధావి అక్కడుంటే ఏమనేవాడు? "53 మంది యూజర్లు. ఫస్ట్ రిలీజే ఫెయిల్. ప్రాజెక్టు మూసెయ్యండి." అంతేనా?

రెండో ఘట్టం: 1987 డిసెంబర్. అదే యూనివర్సిటీ, టెక్సాస్‌తో మ్యాచ్. వచ్చిన జనం 24 వేల 5 వందల పైచిలుకు. సరిగ్గా పదమూడేళ్ళు. ఈ మధ్యలో నాక్స్‌విల్ జనాలకి రాత్రికి రాత్రి కల వచ్చిందా? లేకపోతే మార్కెట్ అనే దేవుడు దిగొచ్చాడా? ఏం జరిగిందో ఒక్కొక్కటే చూద్దాం.

ఒకటి, చట్టం. 1972 జూన్ 23న అమెరికాలో టైటిల్ నైన్ వచ్చింది. అసలు వాక్యం 37 మాటలే, అందులో ఆటల ఊసే లేదు. ప్రభుత్వ సొమ్ము తీసుకునే విద్యాసంస్థ ఆడా మగా తేడా చూపకూడదు, అంతే. అది రాకముందు ఎలా ఉండేదో సమ్మిట్ ఇంట్లోనే చూడొచ్చు. పాలూ పొగాకూ పండించుకునే రైతు కుటుంబం. ఆ ఊరి హైస్కూల్లో అమ్మాయిలకి బాస్కెట్‌బాల్ జట్టు లేదని, వాళ్ళ నాన్న ఇల్లు పక్క కౌంటీకి మార్చేశాడు. కాలేజీకొచ్చేసరికి ముగ్గురు అన్నదమ్ములకీ ఆటల స్కాలర్‌షిప్‌లు వచ్చాయి. ఒలింపిక్స్ దాకా వెళ్ళిన ఈ అమ్మాయికి మాత్రం ఫీజు ఇంట్లోవాళ్ళే కట్టాలి. అదే ఇల్లు, అవే పాలు, అదే పొలం పని. తేడా ఎక్కడుందో మీరే చెప్పండి.

ఇంకో విషయం. "డబ్బు తెచ్చే ఆటలకి ఈ చట్టం వర్తించకూడదు" అని 1974లోనే జాన్ టవర్ అనే సెనేటర్ ఒక సవరణ పెట్టాడు. అది నెగ్గలేదు. అంటే మన వాళ్ళు ఇవాళ కొత్తగా కనిపెట్టినట్టు చెప్పే వాదన, యాభై ఏళ్ళ కిందటే ఓడిపోయింది. అది నెగ్గి ఉంటే ఆ 24 వేల మంది ఎక్కణ్ణించి వచ్చేవాళ్ళు?

రెండు, రూల్స్. ఇది నాకు బాగా ఒళ్ళు మండే భాగం. టెన్నెసీ హైస్కూళ్ళలో 1979 దాకా అమ్మాయిలు ఆడే బాస్కెట్‌బాల్ వేరు. జట్టుకి ఆరుగురు. ముగ్గురు ఒక సగంలో ఉండి బంతి వెయ్యాలి, ముగ్గురు రెండో సగంలో ఉండి ఆపాలి. మధ్య గీత దాటకూడదు. అమ్మాయిల ఒళ్ళు కోర్టంతా పరిగెత్తడం తట్టుకోదన్న పాత నమ్మకంలోంచి పుట్టిన రూలు అది. ఫలితం? డిఫెన్స్‌లో ఉండే అమ్మాయి హైస్కూల్ మొత్తం మీద ఒక్కసారి కూడా బుట్టలో బంతి వెయ్యదు! కాలేజీకొస్తే మాత్రం ఐదుగురి ఆట, అన్నీ రావాలి. అప్పుడు చూసినవాడు "చూశావా, అమ్మాయిల ఆట చప్పగా ఉంటుంది" అంటాడు. స్పెసిఫికేషన్‌లో బగ్ పెట్టి, డెవలపర్‌ని తిట్టడం కాదూ ఇది?

1976లో ఓక్ రిడ్జ్ అనే ఊరి హైస్కూల్ అమ్మాయి ఒకతె దీనిమీద కోర్టుకెళ్ళింది. కింది కోర్టులో గెలిచింది, పై కోర్టులో పోయింది. అయినా గొడవ ఆగలేదు, సమ్మిట్ కూడా ఆ రూలు పోవాలని గట్టిగా నిలబడింది. 1979లో పోయింది. అయోవాలో 1993 దాకా, ఓక్లహోమాలో 1995 దాకా ఆ ఆరుగురి ఆట ఉంది. 1995 అంటే మనలో చాలామంది పుట్టాం కూడా.

మూడు, సొంత బడ్జెట్. టెన్నెసీలో అమ్మాయిల ఆటలకి వేరే విభాగం, వేరే డైరెక్టర్, వేరే ఖాతా. 2012లో మగవాళ్ళ విభాగంలో కలిపేసేదాకా అలాగే నడిచింది. ఫుట్‌బాల్ తినగా మిగిలింది పెట్టడం కాదు. పెద్ద కంపెనీలో చిన్న టీమ్‌లో పనిచేసిన ఎవరికైనా దీని విలువ విడమరిచి చెప్పక్కర్లేదు.

నాలుగు, టైము. మొదటి టైటిల్ వచ్చింది 1987లో, లూసియానా టెక్ మీద 67-44 తో. అంటే సమ్మిట్ పదమూడో సీజన్‌లో. మనం రెండు క్వార్టర్లు చూసి ప్రాజెక్టు ఆపేసే జనాలం. పైగా మగవాళ్ళ ఎన్.సి.ఏ.ఏ. టోర్నమెంటు 1939లో మొదలైతే ఆడవాళ్ళకి అదే సంస్థ టోర్నమెంటు పెట్టింది 1982లో. 43 ఏళ్ళు ముందు రిలీజైన ప్రోడక్టునీ, నిన్నగాక మొన్నొచ్చిన దాన్నీ పక్కపక్కన పెట్టి యూజర్లని లెక్కెడితే దాన్ని విశ్లేషణ అంటారా?

ఆ తర్వాతవి త్వరత్వరగా చెప్పేస్తాను. 1990 సెప్టెంబర్: నిండు గర్భిణి సమ్మిట్ ఒక ప్లేయర్‌ని ఒప్పించడానికి పెన్సిల్వేనియా వెళితే, అక్కడే నొప్పులు మొదలయ్యాయి. తిరుగు విమానంలో పైలట్లు వర్జీనియాలో దింపుతామంటే ఒప్పుకోలేదు, బిడ్డ టెన్నెసీలోనే పుట్టాలంది (ఆ ఏడాది వర్జీనియా చేతిలో ఓడిపోయారు లెండి). ఆ ప్లేయర్, మిషెల్ మార్సినియాక్, ముందు వేరే యూనివర్సిటీకి పోయి, తర్వాత టెన్నెసీకే వచ్చి 1996 టైటిల్ గెలిపించినవాళ్ళలో ముందు నిలిచింది. 1997: సీజన్‌లో పది మ్యాచ్‌లు ఓడి కూడా ఛాంపియన్లు. పది ఓటములతో మన అప్రైజల్‌కి వెళితే ఏం జరుగుతుందో ఊహించుకోండి. 1998: 39కి 39 గెలుపులు. 2006: టోర్నమెంటు మ్యాచ్‌లో డంక్ చేసిన మొదటి అమ్మాయి కాండేస్ పార్కర్, అదీ ఒకే మ్యాచ్‌లో రెండుసార్లు. 2008: సెమీఫైనల్లో సెకను కూడా మిగల్లేదన్నప్పుడు అలెక్సిస్ హార్న్‌బకిల్ వేసిన బుట్టతో ఎల్.ఎస్.యూ. మీద 47-46, తర్వాత ఎనిమిదో టైటిల్.

ఇక మన తెలుగు తల్లిదండ్రుల బ్రహ్మాస్త్రం ఒకటుంది: "ఆటలాడితే చదువు నాశనం." టెన్నెసీ లెక్క వినండి. సమ్మిట్ దగ్గర పూర్తికాలం ఆడిన ప్రతి అమ్మాయికీ డిగ్రీ చేతికొచ్చింది. ప్రతి అమ్మాయికీ! క్లాసు ఎగ్గొట్టకూడదు, పైగా మొదటి మూడు వరుసల్లోనే కూర్చోవాలి. ఇది ఆవిడ రూలు. ఆటలు లేకుండా, బ్యాక్‌బెంచీల్లో నిద్రపోయి, బ్యాక్‌లాగ్‌లు మోసిన మనం ఆటలు చదువుని పాడుచేస్తాయని చెబుతాం.

జీతం సంగతీ చెప్పాలి. నెలకి 250 డాలర్లతో మొదలైనావిడ 2006లో ఏడాదికి పది లక్షల డాలర్లు దాటింది. ఆడవాళ్ళ కాలేజీ బాస్కెట్‌బాల్‌లో అదే మొదటిసారి. మగవాళ్ళ జట్టుకి కోచ్‌గా రమ్మన్నా వెళ్ళలేదు. దాన్ని ప్రమోషన్ అని ఎందుకనుకుంటున్నారన్నది ఆవిడ ప్రశ్న. దానికి ఇప్పటికీ సరైన జవాబు చెప్పినవాళ్ళు నాకు కనబడలేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుందని తెలుసు. "అదంతా ఆవిడ ఒక్కర్తి గొప్పతనం. అందరూ సమ్మిట్‌లు కాలేరు." న్యాయమైన పాయింటే. 2011లో ఆవిడకి చిన్నవయసు అల్జీమర్స్ అని తేలింది. చెప్పి మరీ ఇంకో సీజన్ కోచింగ్ చేసి, 1,098 విజయాల దగ్గర 2012లో తప్పుకుంది. 2016లో, 64 ఏళ్ళకి పోయింది. టెన్నెసీకి 2008 తర్వాత టైటిల్ లేదు. ఒప్పుకుంటాను. కానీ ఆట పడిపోయిందా? లేదే. కనెటికట్, స్టాన్‌ఫర్డ్, సౌత్ కరోలినా, అయోవా.. ఒకచోట తగ్గితే నాలుగుచోట్ల పెరిగింది. 2024లో అయోవా - సౌత్ కరోలినా ఫైనల్‌ని టీవీలో సుమారు 1 కోటి 89 లక్షల మంది చూశారు. అదే ఏడాది మగవాళ్ళ ఫైనల్‌ని చూసింది సుమారు 1 కోటి 48 లక్షలు. "ఎవడు చూస్తాడండీ" అన్న ప్రశ్నకి ఇదీ జవాబు. ఒక్క మనిషి మీద ఆధారపడిన సిస్టమ్ అయితే ఆ మనిషితోనే పోవాలి. పోలేదంటే కింద పునాది ఏదో ఉన్నట్టేగా. ఆ పునాది పేరు టైటిల్ నైన్.

ఇప్పుడు మార్కెట్ దేవుడి నిజాయితీ చూడండి. 2021 టోర్నమెంటులో మగవాళ్ళకి పెద్ద జిమ్, ఆడవాళ్ళకి చిన్న స్టాండు మీద కొన్ని డంబెల్స్. ఒక ప్లేయర్ వీడియో తీసి పెడితే దేశమంతా నవ్విపోయింది. 'మార్చ్ మ్యాడ్‌నెస్' అనే పేరు కూడా 2022 దాకా మగవాళ్ళ టోర్నమెంటుకే! టోర్నమెంటులో గెలిస్తే కాలేజీల సంఘాలకి వాటా డబ్బులు ఇచ్చే పద్ధతి మగవాళ్ళకి 1991 నుంచీ ఉంది. ఆడవాళ్ళకి మొదలైంది 2025లో. అంటే అంతకుముందు గెలిచినా ఓడినా సున్నా. ధర సున్నా అని మనమే రాసి, "చూశారా, ఆదాయం సున్నా" అనడాన్ని మార్కెట్ తీర్పు అంటారా? హార్డ్‌కోడ్ చేసిన వాల్యూ అంటారా?

మన దగ్గరికొస్తే.. కరణం మల్లీశ్వరి 2000లో ఒలింపిక్ పతకం తెచ్చింది, సింధు 2016లోనూ టోక్యోలోనూ తెచ్చింది, కడప అమ్మాయి శ్రీచరణి 2025లో క్రికెట్ ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఉంది. వీళ్ళ వెనక ఇంటివాళ్ళున్నారు, కోచ్‌లున్నారు, అకాడమీలున్నారు. మా కాలేజీ తయారుచేసింది అని చెప్పుకోగల ఇంజినీరింగ్ కాలేజీ ఒక్కటుందా? మా కాలేజీ బాస్కెట్‌బాల్ కోర్టులో బైకులు పెట్టేవాళ్ళు. అమ్మాయిల హాస్టల్ గేటు సాయంత్రం ఆరింటికి మూసేవాళ్ళు, గ్రౌండ్‌లో ఎండ తగ్గేదీ అప్పుడే. తర్వాత ఇంటర్-కాలేజ్ పోటీలకి అమ్మాయిల జట్టు ఏదంటే "వాళ్ళకి ఇంట్రెస్ట్ లేదు సార్" అని జవాబు. గేటుకి తాళం వేసి ఇంట్రెస్ట్ కొలిచారన్నమాట.

నేను అడిగేది పెద్దదేం కాదు. పూర్వవిద్యార్థులమని ఏటా చందాలేసుకుని సెమినార్ హాలుకి ఏసీలు పెట్టిస్తున్నాం. ఒక్క ఏడాది ఆ డబ్బు అమ్మాయిల కోర్టుకీ, ఒక కోచ్ జీతానికీ ఇచ్చి చూడండి. గేటు ఎనిమిదింటికి మూయమని ప్రిన్సిపాల్‌ని అడగండి. డాలస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉన్నవాళ్ళయితే మీ అమ్మాయికి స్కూల్లో జట్టు దొరుకుతుంది. దాని వెనక ఒక చట్టం ఉంది, దానికోసం కొట్లాడినవాళ్ళున్నారు అని ఆ పిల్లకి చెప్పండి. వీలైతే మీ ఊళ్ళో కాలేజీ అమ్మాయిల మ్యాచ్‌కి తీసుకెళ్ళండి, టికెట్ ఓ సినిమా టికెట్ కన్నా ఎక్కువుండదు చాలాచోట్ల.

మొదటి ఏడాది జనం రారు. మన కోర్టు చుట్టూ కూడా ఓ 53 మందే ఉంటారు. ఫర్లేదు, పదమూడేళ్ళు ఆగి లెక్కెడదాం. అప్పటిదాకా "ఎవడు చూస్తాడండీ" అనే హక్కు చూడ్డానికి ఒక్కసారి కూడా వెళ్ళనివాడికి లేదని నా అభిప్రాయం. కాదంటారా? వాదించండి, కాకపోతే అంకెలతో రండి.