గడియ పెట్టిన గదిలో కుంపటి

డిసెంబర్ రెండో పక్షం మొదలు సంక్రాంతి దాకా ఉత్తర తెలంగాణలో ఏ వారం వాతావరణ సూచన చదివినా మూడు సంగతులు చూసుకోవాలి. గాలి ఎటు నుంచి వీస్తోంది, ఆకాశంలో మబ్బుందా లేదా, తెల్లారేసరికి ఉష్ణోగ్రత ఎంతకు దిగుతుంది. బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నన్నాళ్లూ మబ్బు దుప్పటిలా కప్పి రాత్రి వేడిని కాస్త నిలుపుతుంది. అది తొలగిపోయి, మధ్య భారతం మీదుగా పొడి గాలి దిగడం మొదలైతే, పగలు ఎండ కాసినా నేల రాత్రంతా వేడిని వదిలేస్తూనే ఉంటుంది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలు ఆ గాలి దారిలోనే ఉన్నాయి. వచ్చే వారం ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఉత్తరానికి తిరిగితే, ఆ రాత్రులు ప్రమాదకరమైనవేనని ముందే అనుకోవాలి.

వాతావరణ శాఖ హెచ్చరిక కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే కుదరదు. మైదాన ప్రాంతంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు గానీ అంతకంటే కిందికి గానీ దిగి, మామూలు కంటే 4.5 డిగ్రీలైనా తక్కువగా ఉంటేనే సాధారణంగా దాన్ని శీతల గాలులంటారు. లెక్కకు ఒక హద్దు ఉండాల్సిందే, తప్పు పట్టలేం. కానీ 11 డిగ్రీల దగ్గర ఆగిన ఊరికి ఆ హెచ్చరిక రాదు. పైగా ఆ కొలత నాలుగడుగుల ఎత్తున, గాలాడే పెట్టెలో ఉంచిన థర్మామీటరు చూపేది. రేకుల ఇంట్లో నేల మీద చాప పరుచుకుని పడుకున్న ముసలమ్మకు, తెల్లారకముందే పాల క్యాన్లు కట్టుకుని బండి మీద పోయే మనిషికి తగిలే చలి అంతకంటే ఎక్కువ.

పంట సంగతి తొందరగా చెప్పుకుందాం. మల్లాపూర్ మండలం ముత్యంపేటలో చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబర్‌లో మూతపడ్డాక చుట్టుపక్కల చాలామంది చెరకు వదిలి వరికి, మక్కకు మళ్లారు. యాసంగి నారుమడి సరిగ్గా ఈ చలిలోనే ఉంటుంది. రాత్రి ఉష్ణోగ్రత 12 డిగ్రీల కిందికి పోతే నారు ఎదగదు, ఆకు ఎర్రబారుతుంది. సాయంత్రం నీళ్లు పెట్టి పొద్దున తీసేయడం, రాత్రి పూట మడి మీద పాలిథీన్ పట్టా కప్పి ఎండ రాగానే తీయడం, లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి పిచికారీ చేయడం రైతుకు తెలియనివి కావు. పొలాస వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నది జగిత్యాల జిల్లాలోనే. నారు పోతే మళ్లీ పోసుకోవచ్చు. ప్రాణానికి ఆ వీలు లేదు.

రోడ్డు మీద ప్రమాదం పొగమంచుది. కాకతీయ కాలువ పొడవునా, మిడ్‌మానేరు చుట్టూ గాలి నిలిచిన రాత్రుల్లో మంచు దిగుతుంది. మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల మీదుగా పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీద వెనక లైటు లేని ట్రాక్టరు ట్రాలీ పది గజాల దగ్గరికి వచ్చేదాకా కనబడదు. ఊరి రోడ్ల మీద వడ్లో మక్కలో ఆరబోసి, చుట్టూ రాళ్లు పేర్చి, నల్ల కవరు కప్పి పోతారు. వడ్లలో తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో తీసుకోరు, కల్లం సరిపోదు. రైతు కష్టం అర్థమవుతుంది. అయినా చీకట్లో ఆ రాయికి తగిలి పడేది సాధారణంగా మరో రైతే, లేదా రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికి పోయే సాంచాల (మరమగ్గాల) కార్మికుడే. పొద్దుగూకేలోపు ఆ రాళ్లు తీయించే పని పంచాయతీ చేయలేనిదేమీ కాదు.

అసలు భయం ఇంటి లోపలిది. బయట చలిమంట కాచుకుంటే పొగ గాలిలో కలిసిపోతుంది. చలి పెరిగిందని అవే నిప్పుల్ని కుంపట్లోకో తట్టలోకో ఎత్తి పడకగదిలో పెట్టుకుని, కిటికీలు మూసి, తలుపు గడియ పెట్టుకుంటేనే ముప్పు. పొగ పోయిందిగా, ఇక భయం లేదనుకుంటారు. పొగ ఆగి ఎర్రగా కణకణలాడే బొగ్గులే కార్బన్ మోనాక్సైడ్‌ను ఎక్కువగా వదులుతాయి. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టుకోవాల్సిన చోటును అది రెండు వందల రెట్లకు పైగా బలంగా పట్టుకుంటుంది. మొదట తలనొప్పి, తర్వాత కడుపులో తిప్పడం, ఆ తర్వాత మత్తు. పడుకున్నవాళ్లు దాన్ని నిద్రే అనుకుంటారు. ఉత్తరాదిలో ప్రతి చలికాలం కుటుంబాలకు కుటుంబాలే ఇలా తెల్లారేసరికి లేవకుండా పోతున్నాయి. బాలింత గదిలో నిప్పుల సెగ పెట్టే ఆచారం మనకూ ఉంది. తల్లికి, పసిగుడ్డుకు వెచ్చదనం కావాలి, నిజమే. అది దుప్పటితో, టోపీతో, తల్లి ఒంటి వేడితో రావాలి. కుంపటి పెట్టక తప్పదంటే తలుపు తెరిచి పెట్టండి, పడుకునే ముందు బయటికి తీసుకెళ్లి నీళ్లు చల్లండి. స్నానాల గదిలో గ్యాస్ గీజరు ఉన్నవాళ్లూ గాలాడే దారి మూయకూడదు.

ఒక గుక్క తాగితే ఒళ్లు వెచ్చబడుతుందన్న నమ్మకం మరొకటి. మందు చర్మం కింది రక్తనాళాలను తెరుస్తుంది, పైకి వెచ్చగా తోస్తుంది, లోపలి వేడి బయటికి పోతుంది. తాగి అరుగు మీద పడుకున్న మనిషికి చలి తెలియదు, అందుకే ప్రమాదం.

ఈ ప్రాంతానికి మరో ప్రత్యేకత ఉంది. కొడుకులు దుబాయిలో, మస్కట్‌లో, సౌదీలో ఉంటారు. ఇల్లు పక్కాది, ఫోన్ వీడియోలో రోజూ మనవడి ముఖం కనిపిస్తుంది, ఇంట్లో మాత్రం ముసలి దంపతులిద్దరే, కొన్నిచోట్ల ఒక్కరే. వయసు పైబడితే వణుకు సరిగా పుట్టదు. ఒంటి వేడి 35 డిగ్రీల కిందికి దిగినా మాట తడబడటం, మగతగా ఉండటం తప్ప పెద్ద గుర్తు కనబడదు. చలికి రక్తనాళాలు ముడుచుకుని బీపీ పెరుగుతుంది, అందుకే తెల్లవారుజామున గుండెపోటు, పక్షవాతం. చలి వల్ల పోయారని ఎవరూ రాయరు, వయసైపోయిందంటారు. వడదెబ్బ లెక్క అయినా కొంత తేలుతోంది, దీని లెక్క అసలు తేలదు.

వడగాలులను తెలంగాణ 2025లో రాష్ట్ర ప్రత్యేక విపత్తుగా ప్రకటించి, మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయల పరిహారం నిర్ణయించింది. మంచిదే. నిజానికి శీతల గాలులు అంతకు చాలా ముందు నుంచే కేంద్రం గుర్తించిన విపత్తుల జాబితాలో ఉన్నాయి, విపత్తు నిధి వాడుకునే వీలుంది. మరి వేసవికి ఉన్నంత హడావిడి చలికి ఏది? ఉమ్మడి కరీంనగర్ ఇటుక బట్టీల దగ్గర ఒడిశా కూలీల పిల్లలు ప్లాస్టిక్ పట్టాల గుడిసెల్లో పడుకుంటున్నారు. గురుకులాల్లో, హాస్టళ్లలో వేడినీళ్లున్నాయో లేదో, ఇచ్చిన దుప్పట్లు ఎన్నేళ్ల నాటివో కలెక్టర్లు ఒకసారి తెల్లవారుజామున ఐదింటికి వెళ్లి చూడాలి, పగలు పోతే ఏమీ తెలియదు.

ఊళ్లో బీపీ, షుగరు ఉన్నవాళ్ల జాబితా ఆశా కార్యకర్త దగ్గర ఉంది. పింఛను తీసుకునే ముసలివాళ్ల జాబితా పంచాయతీ కార్యదర్శి దగ్గర ఉంది. రెండూ పక్కపక్కన పెట్టుకుంటే ఒంటరిగా ఉన్న గడపలు ఎన్నో ఒక్క పూటలో తేలుతుంది. ఉష్ణోగ్రత పడిపోతుందన్న సూచన వచ్చిన రోజు సాయంత్రం ఆ గడపలకు వెళ్లి రావాలి. మందులున్నాయా, కప్పుకోను రగ్గుందా, గదిలో కుంపటి ఉందా అని అడగాలి. పొద్దున మరోసారి తలుపు తట్టాలి.