మారేడు గడ్డ వాసన ఎవరిది?

ఎండాకాలం వస్తే రాయలసీమ అంతా నన్నారి షర్బత్ తాగుద్ది. నల్లమలలో మన చెంచులు తవ్వే మారేడు గడ్డలు కూడా ఆ షర్బత్‌లోకే పోతాయి. శాస్త్రం పెట్టిన పేరు డెకాలెపిస్ హామిల్టోనీ. తీగ జాతి, తుంచితే పాలు కారతాయి. వేరు లోపల కట్టెలాంటి నడిమి భాగం తీసేసి, చుట్టూ ఉన్న కండనే వాడతారు. ఆ ఘాటు వాసనకు మూలం 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీబెంజాల్డిహైడ్. ఐస్‌క్రీములో వేసే వెనిలిన్‌కు తోబుట్టువన్నమాట: పరమాణువులు అవే, అమరిక వేరు. సూక్ష్మక్రిముల మీద, నిల్వ ధాన్యం పురుగుల మీద ఇది పనిచేస్తుందని ల్యాబుల్లో తేలింది.

మంచిదే. కానీ అడవిలో ఆ తీగను గుర్తుపట్టి చూపించిందెవరు? పేపర్లో మాత్రం ‘స్థానికులు వాడతారు’ అని ఒక్క ముక్క! గిరాకీ పెరిగి గడ్డ మొత్తం తవ్వేస్తే తీగే చస్తుంది. అప్పుడు నింద షావుకారు మీద కాదు, తవ్వినోడి మీద.

2006 అటవీ హక్కుల చట్టం, సెక్షన్ 3(1)(కె) సంప్రదాయ జ్ఞానం మీద సమాజానికి ఉమ్మడి హక్కు ఇచ్చింది. శాంపిల్ కోసం గూడేనికి ఎవరొచ్చినా ముందు గ్రామసభలో కూర్చోబెట్టండి. ఎందుకు, ఎవరికోసం, లాభమొస్తే మాకెంత అని అడిగి, జవాబు తీర్మానం పుస్తకంలో రాయించండి.