కత్తి గొప్పదా? తీగ గొప్పదా?

మన హాస్టల్ వార్షికోత్సవానికి వక్తృత్వ పోటీ పెట్టిన ప్రతి ఏడూ ఒక అంశం తప్పకుండా ఉండేది: "కత్తి గొప్పదా? కలం గొప్పదా?" మాలో చాలామందిమి కలం తరఫునే మాట్లాడాం. కలం వైపు మాట్లాడినవాడికే బహుమతి వస్తుందని పై తరగతి అన్నలు ముందే చెప్పి ఉంచేవారు. కత్తి వైపు నిలబడ్డవాడికి చప్పట్లు దక్కేవి గాని స్టీలు గ్లాసు దక్కేది కాదు.

ఈ సంచికకు ఏదైనా రాయమని సంపాదక తమ్ముళ్లు అడిగినప్పుడు, పూర్వ విద్యార్థులమైన మేము కూర్చుని ఆ పాత అంశాన్నే కొంచెం మార్చుకున్నాం. కలాన్ని పక్కన పెట్టి తీగను తెచ్చుకున్నాం. మేము చెప్పేది సర్జన్ చేతిలోని కత్తి గురించి, రక్తనాళం లోపలికి పంపే వెంట్రుకలాంటి తీగ గురించి. దానికి కారణం మన హాస్టల్ తమ్ముడొకడు.

కొన్నేళ్ల కిందటి మాట. తమ్ముడు అప్పుడు తొమ్మిదో తరగతి. దసరా సెలవుల తర్వాత అతనికి ముక్కులోంచి రక్తం కారడం మొదలైంది. ఎప్పుడూ ఎడమ వైపే. కామాటి తాత "వేడి చేసింది బిడ్డా, మజ్జిగ తాగు" అన్నాడు. అందరం అదే అనుకున్నాం. తడి గుడ్డ నెత్తి మీద వేశాం. వెల్లకిలా పడుకోబెట్టాం. స్టడీ అవర్‌లో రక్తం కారితే చదువు ఎగ్గొట్టే వేషమన్నవాళ్లూ ఉన్నారు. "ఎర్ర రుమాలు" అని పేరు పెట్టింది మేమే. ముక్కు మూసుకుపోయి గురక పెడుతుంటే నిద్ర పట్టడం లేదని అతని ట్రంకు పెట్టెను వరండాలోకి జరిపిందీ మేమే. తెల్లవారకముందే నల్లా దగ్గర దుప్పటి ఉతుక్కుంటుంటే చూసి కూడా ఎందుకని అడగలేదు.

సంక్రాంతి నాటికి చెంప కొంచెం ఉబ్బింది. ఊళ్లో ఒక డాక్టర్ ముక్కులో దూది కుక్కి పంపాడు. ఇంకో చోట చూసి, లోపల గడ్డ ఉంది, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుదామన్నారు. ఆ రోజు కరెంటు లేక పని వాయిదా పడింది. కరెంటు పోవడం ఎవరికైనా మేలు చేసిందంటే అది ఆ రోజే. తర్వాత హైదరాబాద్‌లో చూసిన చెవి ముక్కు గొంతు డాక్టర్, "ఈ వయసు మగపిల్లవాడికి ఒకే వైపు ముక్కు మూసుకుపోయి మాటిమాటికీ రక్తం కారుతుంటే, స్కాన్ చూడకుండా గడ్డను ముట్టుకోకూడదు. ముక్క కోస్తే రక్తం ఆగదు" అన్నారు.

ఆ జబ్బు పేరు జువెనైల్ నేసోఫారింజియల్ ఆంజియోఫైబ్రోమా. పేరు పొడవుగా ఉన్నా సంగతి సులభమే. ముక్కు వెనక భాగంలో పుట్టే ఈ కణితి క్యాన్సర్ కాదు. కాని లోపలంతా రక్తనాళాల గుత్తి. దాదాపు ఎప్పుడూ యుక్తవయసు మగపిల్లలకే వస్తుంది. చాలా అరుదైనదే. పట్టించుకోకపోతే చెంపలోకి, కంటి గూటిలోకి, పుర్రె అడుగుకు పాకుతుంది. బాలుర హాస్టల్ పత్రికలో దీని గురించి రాయడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

ఇక చికిత్స. కణితిని కోసి తీయాల్సిందే. కాని నేరుగా కోస్తే రక్తం విపరీతంగా పోవచ్చు. అందుకని ముందు తీగ పని చేసింది. తొడ మొదట్లోని ధమనిలోకి సన్నని గొట్టం ఎక్కించి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, గుండె దగ్గరి పెద్ద ధమని మీదుగా మెడలోకి, అక్కడి నుంచి కణితికి రక్తం పంపే కొమ్మ దాకా తీసుకెళ్లారు. ఆ కొమ్మలోకి సన్నని రేణువులు వదిలి దారి మూసేశారు. దీన్ని ఎంబొలైజేషన్ అంటారు. మన భాషలో చెప్పాలంటే, పొలంలోకి పారే నీటికి మడవ కట్టడమే. మడవ కట్టిన నీరు ఊరుకోదు, పక్క దారి వెతుక్కుంటుంది. రక్తమూ అంతే. అందుకే సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల లోపే ఆపరేషన్ చేసేస్తారు. తమ్ముడికి మర్నాడే చేశారు. రక్తం ఇవ్వడానికి మేము ఏడుగురం వెళ్లాం. చివరికి రెండు సీసాలే వాడారు.

ఆపరేషన్ అయిన రోజు ఆసుపత్రి మెట్ల మీద మాలో మాకే వాదన వచ్చింది. ఒకరు "అంతా తీగ మహిమ" అన్నారు. ఇంకొకరు "గడ్డ తీసింది కత్తేగా" అన్నారు. ఆ వాదన ఈ వ్యాసం దాకా వచ్చింది.

తీగ కథ చాలా ఆసక్తికరమైనది. 1927లో పోర్చుగల్ వైద్యుడు ఎగాస్ మోనిజ్, ఎక్స్‌రేలో కనపడే మందును ఎక్కించి మెదడు రక్తనాళాలను ఫొటో తీసి చూపించాడు. 1953లో స్వీడన్ వైద్యుడు సెల్డింగర్ ఒక తేలిక ఉపాయం కనిపెట్టాడు. సూదితో నాళాన్ని గుచ్చి, సూదిలోంచి తీగ పంపి, సూది తీసేసి, ఆ తీగ మీదుగా గొట్టాన్ని ఎక్కించడం. నేటికీ ఈ వైద్యానికి పునాది అదే. 1964లో అమెరికాలోని పోర్ట్‌లాండ్‌లో, కుళ్లుతున్న కాలు తీయించుకోనని మొండికేసిన 82 ఏళ్ల వృద్ధురాలి ధమనిని చార్లెస్ డాటర్ గొట్టాలతోనే వెడల్పు చేశాడు. ఆమె కాలు నిలిచింది.

కత్తి కథ తక్కువదేమీ కాదు. మెదడులోని ధమని ఒక బలహీనమైన చోట, సైకిల్ ట్యూబు ఉబ్బినట్టు, బుడగలా ఉబ్బుతుంది. దాన్ని ఎన్యూరిజం అంటారు. అది పగిలితే ప్రాణాపాయం. 1937లో అమెరికా సర్జన్ వాల్టర్ డాండీ పుర్రె తెరిచి అలాంటి బుడగ మెడకు చిన్న వెండి క్లిప్పు పెట్టి రోగిని బతికించాడు. ఆ తర్వాత దశాబ్దాల పాటు కత్తిదే రాజ్యం. 1990 ప్రాంతంలో ఇటలీకి చెందిన గులియెల్మి అమెరికాలో పనిచేస్తూ, పుర్రె తెరవకుండానే తొడ నుంచి వెళ్లి ఆ బుడగను ప్లాటినం కాయిల్స్‌తో నింపే పద్ధతి తెచ్చాడు. ఇక పోటీ మొదలైంది.

ఈ పోటీకి న్యాయనిర్ణేతలూ ఉన్నారు. 2002లో లాన్సెట్ పత్రికలో ఒక పెద్ద అధ్యయనం వచ్చింది. బుడగ పగిలి, రెండు పద్ధతుల్లో దేనికైనా అనువుగా ఉన్న 2143 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. ఏడాది తర్వాత చనిపోయినవారు, ఇతరుల మీద ఆధారపడిపోయినవారు క్లిప్పు జట్టులో నూటికి సుమారు 31 మంది, కాయిల్ జట్టులో సుమారు 24 మంది. తీగ గెలిచిందని అందరూ అన్నారు. కాని కాయిల్ పెట్టినవారిలో మళ్లీ చికిత్స చేయాల్సి రావడం ఎక్కువని కూడా తేలింది. బుడగ మెడ వెడల్పుగా ఉన్నా, పగిలి లోపల పెద్ద రక్తపు గడ్డ కట్టినా, ఈనాటికీ కత్తి వైపు చూడాల్సి వస్తుంది. కడుపులోని పెద్ద ధమని ఉబ్బినప్పుడూ ఇదే కథ. లోపలి నుంచి గుడ్డ తొడుగు వేసే పద్ధతిని 1990లో అర్జెంటీనా సర్జన్ పరోడి మొదలుపెట్టాడు. కోసి కుట్టడం కంటే ఇందులో మొదటి నెలలో మరణాలు తక్కువ. కాని బ్రిటన్‌లో రోగులను ఏళ్ల తరబడి గమనించి 2016లో వెల్లడించిన ఫలితాల ప్రకారం, ఎనిమిదేళ్లు దాటాక ఆ ఉబ్బు వల్ల వచ్చే మరణాలు తొడుగు వేసినవారిలోనే ఎక్కువ. తొడుగు వేయించుకున్నవాళ్లు స్కాన్లు మానకూడదు.

కాబట్టి "కోత లేదు, కుట్టు లేదు" అనే ప్రకటన చూసి మోసపోవద్దని మా మనవి. కోత లేకపోవడం మంచిదే. కాని కోత లేని వైద్యానికి ప్రమాదం లేదనుకోవడం పొరపాటు. తమ్ముడి కణితికి రక్తం తెచ్చే కొమ్మలకూ, కంటికీ మెదడుకూ వెళ్లే కొమ్మలకూ మధ్య సన్న దారులుంటాయి. రేణువు దారి తప్పితే చూపు పోవచ్చు, పక్షవాతం రావచ్చు. అలాగే "కత్తి పడితే మనిషి దక్కడు" అని కత్తికి భయపడి పసరు వైద్యం వెంట తిరగడమూ పొరపాటే. రక్తంతో నిండిన కణితులకూ, మెదడులో చిక్కుముడి పడ్డ రక్తనాళాలకూ చాలాసార్లు రెండూ కావాలి. ముందు తీగ, తర్వాత కత్తి.

అందరూ చెప్పని ఇంకో మాట ఉంది. దాని కోసమే మేము ఈ వ్యాసం రాస్తున్నాం. ఏ పద్ధతి మేలని తేల్చేటప్పుడు వైద్యులు స్కాన్ చూస్తారు, వయసు చూస్తారు, గుండె చూస్తారు. రోగి మళ్లీ రాగలడా లేదా అన్నది కూడా చూడాలి. బస్సు టికెట్టు కూడా వైద్యంలో భాగమే. 2007లో మన ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆరోగ్యశ్రీ లాంటి పథకం లేకపోతే తమ్ముడి ఆపరేషన్ మాట మనం ఎత్తగలిగేవాళ్లం కాదు. అందుకు కృతజ్ఞతతోనే చెబుతున్నాం. ఆపరేషన్‌కు డబ్బు దొరికింది. ఆరు నెలల తర్వాత స్కాన్‌కు రమ్మన్నప్పుడు తల్లీకొడుకులిద్దరికీ ఛార్జీలు లేవు. పత్తి ఏరే రోజులు. కూలి మానుకుంటే ఇల్లు గడవదు. ఆ అమ్మ "పిల్లగాడు మంచిగనే ఉన్నడు కదా" అనుకుంది. రక్తం కారడం లేదు కాబట్టి జబ్బు పోయిందనుకుంది. ఆమె స్థానంలో మనమున్నా అలాగే అనుకునేవాళ్లం.

ఏడాదిన్నర తర్వాత ఒక మిత్రుడి పెళ్లిలో తమ్ముడు కనిపిస్తే అడిగాం. స్కాన్ తీయించలేదన్నాడు. చందాలు వేసుకుని తీసుకెళ్లాం. పుర్రె అడుగు దగ్గర చిన్న మిగులు కనిపించింది. ఇలాంటి కణితి కొంత మిగిలి మళ్లీ పెరగడం ఉన్నదేనని, ఇప్పటికి కనిపెట్టి చూస్తే చాలని డాక్టర్లు చెప్పారు. ఆ తర్వాత తమ్ముడు ఒక్క తేదీ తప్పలేదు. మిగులు ఇంకా అలాగే ఉంది. అది పెరిగితే మళ్లీ తీగో, కత్తో తప్పదు. ఈ కథకు శుభం కార్డు వేయడానికి మాకు మనసొప్పడం లేదు.

అందుకే హాస్టల్‌కు, పూర్వ విద్యార్థులకు మేము కొన్ని మాటలు చెప్పదలచుకున్నాం.

మొదటిది తమ్ముళ్లకు. ముక్కులోంచి రక్తం వస్తే వెల్లకిలా పడుకోకండి. కూర్చుని తల కొంచెం ముందుకు వంచి, ముక్కు మెత్తని భాగాన్ని పది పదిహేను నిమిషాలు వదలకుండా గట్టిగా పట్టుకుని నోటితో ఊపిరి తీసుకోండి. చాలామందికి అది మామూలు సంగతే, అంతటితో ఆగిపోతుంది. ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే. ఒకే వైపు మాటిమాటికీ వస్తూ, ఆ వైపు ముక్కు మూసుకుపోతుంటే మాత్రం దాచుకోకండి. అలాగే ఎవరికైనా పిడుగు పడ్డట్టు, ఎన్నడూ ఎరగనంత తలనొప్పి ఒక్కసారిగా వస్తే మాత్ర వేసి పడుకోబెట్టకండి. వెంటనే 108కి ఫోన్ చేయండి.

రెండోది వార్డెన్ గారికి. సరుకుల రిజిస్టరు ఉంది, హాజరు రిజిస్టరు ఉంది. పిల్లల అనారోగ్యానికి కూడా ఒక రిజిస్టరు పెట్టండి. "ఎడమ ముక్కు, రక్తం" అని తేదీ వేసి మూడుసార్లు రాసి ఉంటే నాలుగోసారి ఎవరూ వేషమనేవారు కాదు.

మూడోది పూర్వ విద్యార్థులకు. వార్షికోత్సవానికి షామియానా, సౌండ్ బాక్సులు మన చందాలతోనే వస్తున్నాయి. అందులో కొంత తీసి "తిరుగు ప్రయాణ నిధి" పెడదాం. ఆపరేషన్ అయినవాడు తర్వాతి పరీక్షలకు వెళ్లి రావడానికి, వెంట వెళ్లే అమ్మకో నాన్నకో పోయే కూలికి సరిపడేంత. ఈ వ్యాసం రాసిన మేమందరం మొదటి చందా వేస్తున్నాం.

నాలుగోది ఇంటర్ చదివే తమ్ముళ్లకు. ఆ రోజు తీగ నడిపిన గదిలో డాక్టర్ ఒక్కరే లేరు. క్యాథ్ ల్యాబ్ టెక్నీషియన్, నర్సు, మత్తు డాక్టర్, ఎక్స్‌రే మనిషి, ఇంతమంది ఉన్నారు. ఆ కొలువులన్నిటికీ చదువులున్నాయి. మన హాస్టల్ పిల్లలు అక్కడికి రోగులుగానే ఎందుకు వెళ్లాలి?

ఇక పోటీ ఫలితం. మేము కత్తికీ, తీగకూ చెరో స్టీలు గ్లాసు ఇస్తున్నాం. ఆ రెంటినీ ఒక చోట కూర్చోబెట్టి, ఈ రోగికి ఏది, ఎప్పుడు అని మాట్లాడుకునే ఆసుపత్రికి పెద్ద బహుమతి. పక్క మంచం మీద పిల్లవాడు తెల్లవారకముందే దుప్పటి ఉతుక్కుంటుంటే లేచి వెళ్లి "ఏమైంది తమ్ముడూ?" అని అడిగేవాడు వచ్చే ఏడు మన హాస్టల్‌లో ఉంటే, మొదటి బహుమతి వాడిదే. మేము అడగలేదు. మీరు అడగండి.